గోరంత చక్రం

సంగవ్వకు నలభై రెండేళ్లు. పత్తి ఏరడంలో, మహారాష్ట్రలోని హిమాయత్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆమె చేతికి ఎదురులేదు. సూదిలో దారం ఎక్కించాలన్నా, పిల్లల అరికాల్లో ముల్లు తీయాలన్నా వాడకట్టు మొత్తం ఆమె గడపలోకే వచ్చేది. అందుకే ఆమె చూపులో లోపముందని ఎవరికీ తట్టలేదు, ఆఖరికి ఆమెకు కూడా. దూరంగా ఉన్నదేదైనా అలుక్కుపోయినట్టే ఉంటుందని, లోకంలో అందరికీ అంతేనని ఆమె నమ్మకం.

సోయాబీన్ కోతలు అయిపోయి, పత్తి పనులు ఇంకా ఊపందుకోక దొరికిన నాలుగు రోజుల తీరికలో ఆమె నాందేడ్‌లోని తమ్ముడి ఇంటికి వచ్చింది. తమ్ముడు నాగనాథ్ ధాన్యం మార్కెట్టు మోండాలో బస్తాలు మోసే హమాలీ. అతని కూతురు కోమల్ ఈ మధ్యే ఫోటోగ్రఫీ కోర్సులో చేరి, కొత్తగా నేర్చుకునేవాళ్లు పట్టే చిన్నరకం డీఎస్ఎల్ఆర్ కెమెరా ఒకటి తెచ్చుకుంది. ఎండ తగ్గాక ఆ పిల్ల అత్తను డాబా మీదికి లాక్కుపోయింది.

"అత్తా, ఆ తడి చీర జర గట్టిగ దులుపు. ఫోటో తీస్త."

సంగవ్వ దులిపింది. చక్‌మని చప్పుడైంది. కోమల్ కెమెరా వెనక తెరను ఆమె ముఖం దగ్గర పెట్టింది. చీర అంచు నుంచి లేచిన నీటి చుక్కలు గాలిలోనే నిలబడిపోయి ఉన్నాయి. ఒక్కో చుక్కలో ఒక్కో సూర్యుడు.

"గివి కింద పడలేదేందే?"

"పడ్డయి అత్తా. పడేలోపే ఇది చూసేసింది. సెకండును వెయ్యి ముక్కలు చేస్తే అండ్ల ఒక్క ముక్క సేపే దీని తలుపు తెరుసుకుంటది."

సంగవ్వ చెంపకు చెయ్యి ఆనించి చాలాసేపు ఆ చుక్కలనే చూసింది. తర్వాత సిగ్గుపడుతూ అడిగింది. "నేను పట్టుకుంటే పాడైతదా?"

కోమల్ పట్టీని అత్త మెడలో వేసింది. ఎడమ అరచెయ్యి కటకం కింద, కుడి చూపుడువేలు మీటపైన పెట్టించి, కెమెరా వెనక పైన ఉన్న చిన్న గాజు కిటికీ చూపించి, "గీ కిటికీల కన్ను ఆనించు" అంది.

"అంతా మసక మసకనే ఉన్నది."

"మీట సగం ఒత్తు."

కీచుమంది. ఎర్ర చుక్క వెలిగింది. "ఇంకా గట్లనే ఉన్నది" అంది సంగవ్వ.

కోమల్ వంగి తను చూసింది. తేటగా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. "సార్ చెప్పిండు, ఒక్కొక్కరి కన్ను ఒక్కో తీరు ఉంటదని." కిటికీ పక్కనే గోరంత చక్రం ఉంది. అత్త వేలు పట్టి దాని మీద పెట్టింది. "మెల్లగ తిప్పు. నీకు మంచిగ కనవడ్డప్పుడు ఆపు."

సంగవ్వ తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. ఆమె వేలు ఆగిపోయింది.

వీధి చివర వేపచెట్టు. ఆమె ఎరిగిన దూరపు చెట్టంటే పచ్చటి ముద్ద. ఇప్పుడక్కడ ఆకులున్నాయి. గాలికి ఒకదాని వెనక ఒకటి తిరగబడుతూ, ఎండ తగిలి మెరుస్తూ, దేనికదే వేరుగా ఉన్నాయి.

"గిది లోపల ఏసిన బొమ్మనా, బిడ్డా?"

"బొమ్మ కాదు. లోపల అద్దం ఉన్నది. ముంగటికెళ్లి వచ్చిన వెలుగు దాని మీద పడి, మీదికి పోయి, మర్లి నీ కంట్లకు వస్తది. ఆ చెట్టు ఇప్పుడు ఎట్ల ఉన్నదో గట్లనే చూస్తున్నవు."

"గింత దూరంకెళ్లి ఆకులు అందరికి కనవడ్తయా?"

కోమల్ నవ్వబోయి ఆగింది. "నీకు కనవడవా అత్తా?"

సంగవ్వ కెమెరా దించింది: పచ్చటి ముద్ద. ఎత్తింది: ఆకులు. మళ్లీ దించింది, మళ్లీ ఎత్తింది. కరెంటు తీగ మీద పిట్ట తోక ఆడిస్తోంది. మూడు డాబాల అవతల బియ్యం చెరుగుతున్న ఆమె చేతికి ఎర్ర గాజులున్నాయి. ఇవన్నీ ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నాయా!

అంతలో వీధి మలుపులో ఒక మనిషి కనిపించాడు. కోమల్ చెప్పినట్టు కటకం చుట్టూ ఉన్న వలయాన్ని తిప్పితే అతను దగ్గరికొచ్చినట్టు పెద్దగా కనిపించాడు. నాగనాథ్. తమ్ముడి ముఖాన్ని అంత దూరం నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు. దగ్గరగా చూసిన ప్రతిసారీ అది నవ్వుతూనే ఉండేది. ఇప్పుడు నవ్వు లేదు. అతను స్తంభానికి చెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని, నడుము నొక్కుకుంటున్నాడు. కాసేపటికి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇంటి తలుపు వైపు చూసి, అంగీ తొడుక్కున్నట్టు నవ్వు తొడుక్కుని బయలుదేరాడు.

సంగవ్వ వేలు దానంతటదే మీట నొక్కింది. లోపలి అద్దం లేచి, రెప్పపాటు అంతా చీకటై, మళ్లీ వీధి వెలిగింది.

ఆమె డాబా దిగేసరికి, "అక్కా, చాయ్ తాగినవా?" అంటూ నాగనాథ్ ఎప్పటిలా హుషారుగా ఇంట్లోకి వచ్చాడు.

"నడుము ఎన్ని దినాల సంది నొస్తుందిరా?"

అతను బిత్తరపోయాడు. "ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పుడేంది? నేనే చూసిన."

మర్నాడు ముగ్గురూ దవాఖానకు వెళ్లారు. ఆమె కళ్లు పరీక్షించిన డాక్టరమ్మ, ఇది చిన్నప్పటి నుంచీ ఉన్న హ్రస్వదృష్టి అని, ఇన్నేళ్లు ఎట్లా నెట్టుకొచ్చావని మరాఠీలో అడిగింది. "దగ్గరికి పోయి చూసేదాన్ని" అని చెప్పింది సంగవ్వ. నాగనాథ్ నడుము చూపించుకుంటేనే కళ్లద్దాలు పెట్టుకుంటానని మొండికేసి, అతన్ని కూడా ఎముకల డాక్టరు ముందు కూర్చోబెట్టింది. నడుముకు పట్టీ ఇచ్చి, నెల రోజులు బరువులు ఎత్తొద్దన్నారు.

నాలుగో రోజున కొత్త కళ్లద్దాలతో ఆమె ఊరి బస్సెక్కింది. బస్సు కదిలి, బస్టాండు గేటు దాటింది. సంగవ్వ కిటికీలోంచి తల వెనక్కి తిప్పింది. జనం మధ్య కోమల్, ఆ పక్కన తమ్ముడు. పండ్ల బండ్లు దాటినా అతను కనిపిస్తూనే ఉన్నాడు. చెయ్యెత్తి ఊపుతున్నాడు.

"ఇంకా ఉన్నడు" అంది పైకే.

పక్క సీట్లో ఉన్న ముసలమ్మ అడిగింది. "ఎవరు బిడ్డా?"

"మా తమ్ముడు" అని, బస్సు మలుపు తిరిగేదాకా సంగవ్వ రెప్ప వేయలేదు.