చెయ్యి ఇంజినుకే

రెండు వ్యాగన్ల మధ్య నడుం వంచి నిలబడి, బరువైన కొక్కేన్ని రెండు చేతులా ఎత్తి, ఎదుటి వ్యాగన్ గొలుసులోకి జారవిడిచాడు. ఖణేల్‌మంది. తలుపు గడియ సరిగ్గా పడ్డప్పుడు ఇంట్లోవాళ్ళకి కలిగే నిశ్చింత లాంటిదేదో ఆ చప్పుడులో ఉంది. ఇన్నేళ్ళుగా వింటున్నా అతనికది మొహం మొత్తలేదు. వంగుకునే బయటికి వచ్చి, నడుం సాచి, పట్టాలకి రెండు వైపులా చూసి, కుడిచెయ్యి పైకెత్తి గుండెల వైపు లాక్కున్నాడు. దగ్గరికి రా అని.

దూరంగా ఇంజిన్ ఒక పొట్టి కూత వేసి కదిలింది.

రైల్వే యార్డులో అందరూ అతన్ని జెండా అంటారు. ఎర్రదీ ఆకుపచ్చదీ రెండు జెండాలు చుట్టి చంకలో పెట్టుకుని తిరుగుతాడు. మనిషి కూడా జెండాకర్రలాగే సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా ఎప్పుడూ గాలికి ఎగురుతూనే ఉంటుంది. మెడ ఎండకి మాడిపోయింది. కుడి బొటనవేలి గోరు ఎప్పుడో కొక్కెం కింద నలిగి, మళ్ళీ పెరగడం మర్చిపోయి గులకరాయిలా మిగిలింది. పెళ్ళయిన మర్నాటి నుంచీ అతని భార్య రోజూ చొక్కా జేబులో రెండు లవంగాలు వేస్తుంది. వేసినట్టు ఆవిడ చెప్పదు, చూసినట్టు ఇతను చెప్పడు. పని మధ్యలో జేబులోకి వేలు పోనిచ్చి, అవి తగలగానే ప్రతిరోజూ కొత్తగా ఆశ్చర్యపోతాడు. అంత చిన్న సంతోషాన్ని ఇన్నేళ్ళు నిలవ ఉంచుకోవడం తమకి మాత్రమే తెలిసిన విద్య అని అతని నమ్మకం.

ఆ పనిలో గొంతుతో అవసరం లేదు. ఇంజిన్ హోరులో అరిచినా వినపడదు. చెయ్యి గుండెల వైపు ఊపితే దగ్గరికి రా. బయటికి విసిరితే వెనక్కి పో. రెండు చేతులూ ఎత్తితే ఆగు. కింద నిలబడ్డవాడు చేత్తో చెబుతాడు, పైన కూర్చున్నవాడు కూతతో ఊఁ కొడతాడు. ఇద్దరు మనుషులు ఒక్క మాట మాట్లాడుకోకుండా ఉద్యోగం మొత్తం వెళ్ళబుచ్చవచ్చు. వీళ్ళిద్దరూ చాలాకాలంగా అదే చేస్తున్నారు.

ఇంజిన్ నడిపేది అతని బావ. సొంత అక్క మొగుడు.

మేనకోడలు పదో తరగతి చదివే రోజుల్లో ఒక మధ్యాహ్నం అక్క అన్నం క్యారియర్ పట్టుకుని యార్డులోకి వచ్చింది. ఇంజినుకి అవతలి పక్కగా రావడంతో బావకి కనపడలేదు. ఇతనికి కనపడింది. ఆకలి మీదున్నాడేమో, మొహమంతా నవ్వై, చెయ్యెత్తి ‘రావే అక్కా’ అన్నట్టు గుండెల వైపు ఊపాడు. బావ కూత వేసి ఇంజిన్ కదిలించాడు. ముందున్న వ్యాగన్లు వెళ్ళి లైను చివర అడ్డుదిమ్మె మీదికెక్కి, ఒకటి పక్కకి ఒరిగిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. అక్క అదిరిపడి వదిలేసిన క్యారియర్లో కూర మాత్రం కంకర పాలయింది.

విచారణలో బావ “పిలిచాడు” అన్నాడు. ఇతను “ఇంజిన్ని పిలవలేదు” అన్నాడు. రెండూ నిజమే కాబట్టి ఇద్దరికీ శిక్ష పడింది.

ఆ సాయంత్రం గేటు దగ్గర బావ వేలు చూపించి, “లైన్లో నిలబడ్డాక చెయ్యి ఇంజినుకే. అక్కకి కాదు, దేవుడికీ కాదు” అన్నాడు.

“కట్టుకున్న పెళ్ళాం కనపడదు గానీ నా చెయ్యి మాత్రం బాగా కనపడిందే!” అన్నాడితను.

అంతే. అవే ఆఖరి మాటలు.

అక్క మాత్రం రెండు క్యారియర్లు సర్దనంది. “మీ అలకల కోసం గిన్నెలు కొనను” అని ఒక్కదాన్లోనే ఇద్దరికీ పంపింది. ఇతను గేటు దగ్గర అందుకుని ఇంజిన్ మెట్టు మీద పెడితే, బావ ముందు తిని, మూత పెట్టి మళ్ళీ అక్కడే ఉంచేవాడు. ఇతను వచ్చి పట్టా మీద కూర్చుని తినేవాడు. గుడ్డు కూర వండిన రోజున బావ తన గుడ్డులో సగం వదిలేసేవాడు. అది చూసి కూడా ఇతను తలెత్తి పైకి చూసేవాడు కాదు.

ఇప్పుడు ఆ మేనకోడలికే పెళ్ళి. ఇంకా వారం ఉంది. ఇతనికి పిల్లల్లేరు. ఆ పిల్ల తప్పటడుగులు వేసింది ఇతని జెండాకర్ర పట్టుకునే. ఈ మధ్యాహ్నం గేటు దగ్గర క్యారియర్ అందిస్తూ అక్క దారికి అడ్డంగా నిలబడింది.

“ఒరేయ్, పెళ్ళికి రావా?”

“పిలిస్తే వస్తా.”

“నేను పిలిచాను. నీ మేనకోడలు పిలిచింది. పెళ్ళికొడుకు కూడా పిలిచాడు, పాపం నువ్వెవరో కూడా తెలీదు వాడికి. ఇంకెవరు పిలవాలి?”

“నీకు తెలుసు.”

“ఆయన్నడిగితే ‘వాడికి వేరే చెప్పాలా’ అంటారు. నిన్నడిగితే ఇలా మూతి తిప్పుకుంటావు. ఇనుప వ్యాగన్లు నయం రా, కొక్కెం వేస్తే కలుస్తాయి.”

“పిలవని పేరంటానికి నేను రాను.”

“రాకపో. నీ విస్తట్లోది కూడా నేనే తింటా” అని అక్క చరచరా వెళ్ళిపోయింది. నాలుగడుగులు వేశాక కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం ఇతనికి కనపడింది.

ఇంట్లో భార్య చొక్కా గుడ్డ కొని పెట్టెలో దాచింది. లేత నీలం. “పిలుపు రాగానే దర్జీకి ఇద్దురుగాని” అంది. రోజూ సాయంత్రం అతను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆవిడ ముందు మొహం చూస్తుంది, తర్వాత ఆ పెట్టె వైపు చూస్తుంది.

భోజనాలయ్యాక ఆకాశం రంగు మారింది. తోమని ఇత్తడి గిన్నె లోపలి రంగు. వ్యాగన్ల మీద ఎప్పుడూ కొట్టుకుంటూ ఉండే పిచ్చుకలు ఒక్కటీ లేవు. గాలి పూర్తిగా ఆగిపోయింది. అతని చొక్కా మొదటిసారి ఒంటికి అంటుకుని ఊరుకుంది. అప్పుడు యార్డు సైరన్ మోగింది, ఆపకుండా. ఆఫీసు వైపున్న వాళ్ళందరూ మెట్లు దిగి కింది గదిలోకి పరిగెత్తడం కనిపించింది. అతను యార్డు ఈ చివర ఉన్నాడు. తలతిప్పి చూస్తే, పొలాల మీద మబ్బులోంచి నల్లటి తాడొకటి నేలకి వేలాడుతోంది. చూస్తుండగానే తాడు లావెక్కింది. దాని మొదలు దగ్గర దుమ్ము సుళ్ళు తిరుగుతోంది. సుడిగాలి. ఇటే వస్తోంది.

దగ్గర్లో జెండాలూ దీపాలూ పెట్టుకునే రేకుల గది ఉంది. అటు పరుగెత్తాడు.

వెనక ఇంజిన్ కూత వేసింది. పొట్టి కూత కాదు, గుక్క తిప్పుకోని కూత. వెనక్కి తిరిగాడు. బావ కిటికీలోంచి నడుం దాకా బయటికి వాలి, కుడిచెయ్యి ఎత్తి గుండెల వైపు లాక్కుంటున్నాడు. మళ్ళీ ఎత్తుతున్నాడు, మళ్ళీ లాక్కుంటున్నాడు.

దగ్గరికి రా.

ఆ గుర్తు ఇవ్వడమే గానీ పుచ్చుకోవడం అతనికి అలవాటు లేదు. ఎవర్ని పిలుస్తున్నాడా అని వెర్రివాడిలా తన వెనక్కి చూసుకున్నాడు. అక్కడెవరూ లేరు.

ఇంజిన్ మెట్లెక్కుతుంటే గాలి కాళ్ళని పక్కకి లాగేసింది. బావ అతని కాలరు పుచ్చుకుని లోపలికి గుంజి, ఇనుప తలుపు మూసి గడియ వేశాడు. ఇద్దరూ రొప్పుతూ నిలబడ్డారు. లోపల వెచ్చగా, డీజిల్ వాసనగా ఉంది. బావ అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

“బూట్లు దులుపుకుని ఎక్కకూడదూ? ఇంజిననుకున్నావా, గొడ్లచావడనుకున్నావా?”

ఇన్నేళ్ళ తర్వాత మొదటి మాట. అతను నిజంగానే బూట్లు ఒకదానికొకటి రుద్దుకున్నాడు.

“చూస్తావేం, ఈ చక్రం పట్టు.”

“ఇంత బరువు ఇంజిన్ గాలికి దొర్లుతుందా బావా?”

“ఇంజిన్ దొర్లదు. నువ్వు తగిలించావే, ఆ ఖాళీ వ్యాగన్లు, అవి లాగుతాయి. తిప్పు!”

చేతిబ్రేకు చక్రం మీద నాలుగు చేతులు పడ్డాయి. బిగిసేదాకా తిప్పారు. బిగిశాక ఇంకో చుట్టు తిప్పాడు బావ. అతని మొహం సున్నంలా ఉంది. చెమట కనుబొమల మీంచి కారుతోంది. భయమేమో అనుకున్నాడితను. తనకీ భయంగానే ఉంది.

అద్దంలోంచి చూస్తుండగా రేకుల గది కప్పు గిన్నె మూతలా లేచింది. తర్వాత నాలుగు గోడలూ నాలుగు దిక్కులకి విప్పుకుని పోయాయి. ఇతను నేల మీద చతికిలబడ్డాడు. బావ కూడా పక్కన కూలబడ్డాడు. భుజం భుజం ఆనింది.

“నువ్వు పిలవకపోతే నేనందులో ఉండేవాణ్ణి” అన్నాడితను. తన గొంతు తనకే సరిగ్గా వినపడలేదు.

బావ అతని చెవి దగ్గర నోరుపెట్టి అరిచాడు. “రేకుల కింద పడి చస్తే, పిల్ల పెళ్ళికి మేనమామని ఎక్కణ్ణించి తేవాల్రా? సంతలో దొరుకుతాడా?”

“అయితే రమ్మంటావా?”

“చెయ్యి ఊపానుగా, కనపళ్ళేదా!”

“లైన్లో చెయ్యి ఇంజినుకే అన్నావుగా మరి!”

“నోర్ముయ్!”

అప్పుడు చెవుల్లో ఏదో టప్పుమంది. హోరు తప్ప లోకంలో ఇంకేమీ మిగల్లేదు. ఇంజిన్ వణికింది, ఏదో పెద్ద జంతువు నిద్రలో ఉలిక్కిపడ్డట్టు. వెనక వ్యాగన్లు మూలిగాయి, గొలుసులు బిగిశాయి. పక్కద్దం పగిలి మొక్కజొన్న గింజల్లా రాలింది. రాలకముందే బావ అరచెయ్యి అతని తల వెనక్కి వచ్చి, మొహాన్ని తన ఒళ్ళోకి అదిమేసింది. చిన్నపిల్లవాణ్ణి దాచినట్టు. ఆ చెయ్యి అలాగే ఉంది, హోరు దూరమయ్యేదాకా, వడగళ్ళు పైకప్పు మీద కొట్టి కొట్టి వానగా మారేదాకా.

తలెత్తి చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ పిండిమరలోంచి లేచినట్టున్నాయి. ముందు బావ నవ్వాడు. తర్వాత ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వారు. ఇతను జేబులో వెతికి ఒక లవంగం తీసి ఇచ్చాడు.

“ఏంట్రా ఇది?”

“మా ఆవిడ వేస్తుంది. రోజూ.”

“రోజూనా!” బావ దాన్ని వెలుతురులో తిప్పి చూసి బుగ్గన పెట్టుకున్నాడు. “మీ అక్క నా జేబులోంచి తీయడమే గానీ వేసిందెప్పుడూ చూళ్ళేదు.”

సీటు పట్టుకుని మెల్లిగా లేచి కూర్చున్నాడు. ఎడమ భుజం రుద్దుకున్నాడు. “ఆ చక్రం తిప్పడం అలవాటు తప్పింది. దిగి లైను చూసిరా. బాగుంటే చెయ్యి ఊపు, పోదాం. పెళ్ళిపనులు నెత్తిమీదున్నాయి.”

అతను దిగాడు. చివరి వ్యాగన్లు రెండు పక్కకి పడి ఉన్నాయి. మిగతావి నిలబడ్డాయి. రేకుల గది ఉన్నచోట నున్నటి సిమెంటు నేల మాత్రం వానకి తడుస్తోంది. ఎవరి ఇంటిదో పచ్చరంగు తలుపొకటి గడియతో సహా వచ్చి పట్టాల మీద వెల్లకిలా పడుకుంది. దాన్ని పక్కకి ఈడ్చాడు. లైను బాగుంది. లేత నీలం చొక్కాకి రేపే కొలతలిస్తే సరిపోతుందా, దర్జీని బతిమాలాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు. సాయంత్రం గుమ్మంలో భార్య తన మొహం చూసే క్షణం ముందే కళ్ళకి కట్టింది. నవ్వు ఆపుకోలేక, మామూలుకన్నా ఎత్తుగా, కొంచెం ఠీవిగా చెయ్యెత్తి గుండెల వైపు లాక్కున్నాడు.

కూత రాలేదు.

వాన అడ్డొచ్చిందేమోనని రెండడుగులు ముందుకొచ్చి మళ్ళీ ఊపాడు. బావ కిటికీ దగ్గరే ఉన్నాడు, ఇటే చూస్తున్నాడు.

మూడోసారి చెయ్యెత్తకుండా పరుగెత్తాడు.

బావ తల కిటికీ అంచుకి ఆనుకుని ఉంది. కళ్ళు లైను మీదే ఉన్నాయి. లవంగం ఇంకా బుగ్గనే ఉంది.

యార్డు వాళ్ళు వచ్చి నలుగురూ పట్టి కిందికి దించారు. ఎవరు చెప్పారో ఏమో, అక్క పట్టాలు దాటుకుంటూ వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. ఎవరూ ఆమెని ఆపలేదు. బావ పక్కన కంకర మీద కూర్చుని, ఆయన మొహం మీది దుమ్మంతా కొంగుతో తుడిచింది. చెవుల వెనక కూడా తుడిచింది. తలెత్తకుండానే అడిగింది.

“మాట్లాడుకున్నార్రా?”

“ఊఁ.”

“పిలిచారా?”

“పిలిచాడక్కా.”

“ఏమన్నారు?”

అతను ఉన్నదున్నట్టు చెప్పాడు. “రేకుల కింద పడి చస్తే పిల్ల పెళ్ళికి మేనమామని ఎక్కణ్ణించి తేవాలి, సంతలో దొరుకుతాడా అన్నాడు.”

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. అది నవ్వో ఏడుపో అతనికి తెలియలేదు, బహుశా ఆమెకీ తెలియదు. “ఆయనే” అంది. “సంతలో అనే అన్నారా?”

“అలాగే అన్నాడు.”

“ఆయన మాటే” అని తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

చీకటి పడకముందే అందరూ వెళ్ళిపోయారు. ఇంజిన్ ఉన్నచోటే ఉంది. లోపల సీటు ముందున్న బల్ల మీద చిన్న ఇనుప పిడి ఒకటి ఉంటుంది, ముందుకా వెనక్కా అని ఇంజినుకి చెప్పేది. డ్రైవరు దిగేటప్పుడు దాన్ని తీసి జేబులో వేసుకుని వెళ్ళాలి. ఇవాళ ఎవరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. బొటనవేలి రాపిడికి అరిగి మెరిసే ఆ పిడి పగిలిన అద్దం పక్కన, దుమ్ములో, ముందుకి తిప్పి ఉంది.