ఖాళీగా చూపించిన బండి

మా పికప్ ట్రక్కు ఎడమవైపుకు ఒరిగింది. దానివల్ల నాకు ఒరిగిందేమీ లేదు, సిగ్గు తప్ప. ఆ సిగ్గు ఇప్పటికీ తాజాగానే ఉంది కనుక చెప్పేస్తాను.

2012 జూన్. అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన తన పాత పికప్‌నూ, దాని మీద కూర్చునే క్యాంపర్‌నూ కలిపి అమ్ముతుంటే కొన్నాను. క్యాంపర్ అంటే ట్రక్కు వెనక తొట్టిలో దింపి బిగించుకునే చిన్న ఇల్లు. పొయ్యి, సింకు, ఫ్రిజ్, పడక, అన్నీ అందులోనే. నత్తకు పుట్టుకతో వచ్చేది, మనం కొనుక్కోవాలి.

"ఇది క్యాంపరా, కంపరమా?" అంది మా ఆవిడ జయంతి, లోపలి పాత పరుపు చూసి. ఇంట్లో ఇలాంటి మాటలు విసిరే హక్కు నాదేనని అప్పటిదాకా అనుకునేవాణ్ణి.

నేను కార్ల కంపెనీలకు సాఫ్ట్‌వేర్ రాస్తాను. డాష్‌బోర్డు మీద ఏ లైటు ఎప్పుడు వెలగాలో నాకు తెలుసు. బండి కింద ఏముంటుందో తెలియదు. తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. మా మామగారు భీమశంకరంగారు ఏలూరు ఆర్టీసీ డిపోలో ఇరవై ఎనిమిదేళ్ళు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యారు, ఆరు నెలలు ఉండి వెళ్దామని మా దగ్గరికి వచ్చారు. స్నేహితులకు పరిచయం చేసేటప్పుడు మాత్రం "ఆర్టీసీలో చేశారు" అని ఆపేసేవాణ్ణి. ఏం చేశారని వాళ్ళు అడిగేలోపు ఒక జోకు వేసేవాణ్ణి. నా జోకుల్లో సగం ఇలా అడ్డం పెట్టడానికి పుట్టినవే.

జూలైలో ఆరు రోజులు, సరస్సుల మీద కట్టిన అయిదు మైళ్ళ మాకినా వంతెన దాటి ఉత్తరానికి వెళ్ళాలని ప్లాను. ఎలా సర్దాలో చూద్దామని జయంతి ముందే ఒకసారి సామానంతా ఎక్కించింది. పొయ్యి ఎడమవైపు ఉంది కనుక చేతికందేలా అన్నీ ఎడమవైపే: నలభై పౌండ్ల బియ్యం బస్తా, రాతి గ్రైండరు, రెండు కుక్కర్లు, ఆవకాయ, గోంగూర, చింతకాయ సీసాలు, ఇంగువ డబ్బా, నాలుగు పెద్ద నీళ్ళ క్యాన్లు.

"ఆరు రోజులకి ఇంతా?" అన్నాను.

"మీరు బ్రెడ్డు తింటానంటే చెప్పండి, ఇప్పుడే దించేస్తాను."

నేను వెళ్ళి రెండో కుక్కరు అందించాను.

మామగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, రెండు వెనక చక్రాల పైన ఉన్న ఖాళీలో చెయ్యి పెట్టి కొలిచారు. "ఎడమపక్క నాలుగు వేళ్ళు కిందికి ఉందండీ అల్లుడుగారూ. వంతెన మీద గాలి కొడితే బాగుండదు. కింద బరువు మోసే కమాన్ కట్టలు ఎవరికైనా చూపించండి. ఇలా లోడుతోనే చూపించాలి సుమండీ."

గ్రాండ్ రివర్ రోడ్డు మీద ఒక షాపుకు ఫోన్ చేశాను. అక్కడి మెకానిక్ పేరు వేన్. వ్యాన్లు బాగుచేసేవాడి పేరు వేన్! వారం రోజులపాటు ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. అతను కూడా అదే మాట చెప్పాడు: "ట్రిప్పుకు ఎలా వెళ్తారో అలాగే తీసుకురండి. తిండి, నీళ్ళు, గ్యాసు, అన్నీ ఉండాలి. బరువు చూడకుండా నేనేమీ చెప్పలేను."

అంతకు రెండేళ్ళ క్రితం ఆఫీసు మైక్రోవేవ్‌లో నేను వంకాయ కూర వేడిచేసుకున్న మర్నాడు, దాని తలుపు మీద ఎవరో వాసనల గురించి ఒక కాగితం అంటించారు. దాని మీద నా పేరు లేదు. అయినా అది నాకు రాసిన ఉత్తరంలాగే చదువుకున్నాను. ఇప్పుడు ఆ వేన్ అనేవాడు క్యాంపర్ తలుపు తీయటం, ఇంగువ గుప్పున కొట్టటం, అతను ముక్కు మూసుకోవటం, అన్నీ నాకు ముందే కనిపించాయి.

షాపుకు వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే లేచి సామానంతా గ్యారేజీలోకి దించేశాను. దాని బదులు రెండు మడత కుర్చీలు, సోడా డబ్బాలున్న ఒక ఐస్ పెట్టె, నేను జీవితంలో ఎన్నడూ తొడగని ఒక బేస్‌బాల్ గ్లోవు పెట్టాను.

"అదేంటండీ, దించేశారు?" అన్నారు మామగారు. ఉతికిన చొక్కా వేసుకుని, జేబులో సొంత టేపు పెట్టుకుని, అప్పటికే ముందు సీట్లో కూర్చున్నారు.

"షాపు రూలు మామయ్యగారూ. లోపల ఏమీ ఉండకూడదట. ఇన్సూరెన్సు."

"లోడు లేకుండా కమాన్ కట్టలు ఏం చూస్తాడండీ?"

"అంతా కంప్యూటర్ చూసుకుంటుంది. అన్నట్టు, మీరెందుకు? అక్కడ ఏసీ కూడా ఉండదు. మీకు బోరు కొడుతుంది."

ఆయన ఒక క్షణం నా మొహం చూసి, దిగి లోపలికి వెళ్ళిపోయారు. ఆయన అక్కడ బండి కిందికి దూరుతారనీ, ఇంగ్లీషు రాక చేతులతో మాట్లాడతారనీ నా భయం. సోడా డబ్బాలతో పాటు బయలుదేరాను.

వేన్‌కు యాభై అయిదు దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం, నెమ్మదైన చూపు. తలుపు తీసి లోపలికి చూశాడు.

"ఇలాగే వెళ్తారా?"

"అచ్చం ఇలాగే."

కొలిచాడు. తేడా అర అంగుళం. దీనికి చేయాల్సిందేమీ లేదన్నాడు. రోడ్డు మీద నాలుగు వేళ్ళు ఒరుగుతోందని నేను గొడవ పెట్టాను. వెనక ఇరుసు మీద రెండువైపులా గాలి సంచులు బిగించాడు. ఏ వైపు దిగితే ఆ వైపు గాలి ఎక్కించి పైకి లేపుకోవచ్చు. నా కబుర్లలాగే ఎంత గాలైనా పడుతుంది.

ఇంటికొచ్చి సామాను ఎక్కించాం. బండి మళ్ళీ ఒరిగింది. మర్నాడు మళ్ళీ దించాను, మామగారితో సహా. మళ్ళీ వెళ్ళాను.

"మళ్ళీ అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు," అన్నాడు వేన్. "మీ బరువు ఇంతేనా?"

"ఇంతే."

అతను టేపు చూశాడు, నన్ను చూశాడు. తన టేపు కన్నా నా మాట నమ్మాడు. ఎడమ సంచిలో కాస్త గాలి ఎక్కువ పెట్టాడు. ఇప్పుడు ఖాళీ బండి కుడివైపుకు ఒరిగింది. ఇంటికొచ్చి నింపితే ఎడమవైపుకు ఒరిగింది. ఆకలితో ఉంటే రైటిస్టు, కడుపు నిండితే లెఫ్టిస్టు.

ఈ ముక్క ఆ శనివారం మా స్నేహితుడు రఘు ఇంట్లో భోజనాల దగ్గర చెబితే అందరూ పడీపడీ నవ్వారు. నవ్వు వినిపిస్తే నేను ఆగను. అక్కడే ఫోన్ తీసి, స్పీకర్ పెట్టి, షాపు యజమానికి కలిపాను. "మీ వేన్‌కు నా వ్యాన్ అర్థం కావటం లేదు. రెండుసార్లు చేశాడు, రెండుసార్లూ చెడగొట్టాడు. టేపు చదవటం వచ్చా అతనికి?" అన్నాను. రఘు పొట్ట పట్టుకున్నాడు. ఆ యజమాని క్షమాపణ చెప్పి, ప్రయాణం రోజు దారిలో ఆగితే తనే దగ్గరుండి చూపిస్తానన్నాడు. మామగారు ఒక మూల పళ్ళెం పట్టుకుని కూర్చున్నారు. ఆయనొక్కరే నవ్వలేదు. ఇంగ్లీషు రాక అనుకున్నాను.

శుక్రవారం పొద్దున సామానంతా ఎక్కించుకుని, జయంతి, మామగారితో బయలుదేరాను. షాపుకు ముందే ఉన్న డోనట్ కొట్టు వెనక బండి ఆపాను. "అడిగి వస్తాను, ఇక్కడే ఉండండి," అని ఒక్కణ్ణే నడిచి వెళ్ళాను.

యజమాని ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. "మీ ఫోన్ తర్వాత అతనితో మాట్లాడాను సార్. రెండుసార్లు చూసి కూడా తప్పు పట్టుకోలేనివాణ్ణి ఉంచుకోలేను. మీ బండే ఇక్కడ అతని ఆఖరి పని. ఇవాళ నేనూ పక్కనే ఉంటాను."

వేన్ పక్కనే ఉన్నాడు. చేతిలో తన కొలతలు రాసుకున్న కాగితం. "ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను," అన్నాడు, నాతో కాదు, ఆ కాగితంతో. "ఎక్కడ తప్పు చేశానో తెలియటం లేదు. నిన్న ఇంకో బండి కొలుస్తుంటే నా చెయ్యి మీద నాకే నమ్మకం కలగలేదు."

అప్పుడే చెప్పేయాల్సింది. "బండి తెస్తాను," అని మాత్రం అన్నాను.

డోనట్ కొట్టు వెనక్కి వచ్చి, క్యాంపర్ తలుపు తీసి, బియ్యం బస్తా లాగి గడ్డి మీద పడేశాను. తర్వాత నీళ్ళ క్యాను.

"ఏమైందండీ మీకు? ఇక్కడ దించుతున్నారేంటి?" అంది జయంతి.

"అయిదు నిమిషాలు. చూపించి వచ్చి మళ్ళీ ఎక్కించేద్దాం."

మామగారు కిందికి దిగారు. "రూలన్నారు కదా. ఆ రూలు వాళ్ళు పెట్టారా, మీరు పెట్టారా?"

నాకు నవ్వించే మాటేదీ దొరకలేదు. "నేనే," అన్నాను. "ఈ వాసనలు, ఈ సీసాలు... వాళ్ళు చూస్తే ఏమనుకుంటారోనని."

"ఆ పిల్లాడు అడగలేదా, లోడు ఇదేనా అని?" నెరిసిన గడ్డం వేన్ ఆయనకు పిల్లాడే.

"అడిగాడు. రెండుసార్లూ ఇదేనని చెప్పాను. ఇవాళ అతని ఉద్యోగం తీసేస్తున్నారు."

జయంతి నోటి మీద చెయ్యి పెట్టుకుంది.  అరవై ఎనిమిదేళ్ళ మామగారు వంగి బియ్యం బస్తా భుజానికి ఎత్తుకున్నారు. నేను పట్టుకోబోతే మోచేత్తో తోసేశారు. బస్తా ఎక్కడిదక్కడ పెట్టి, క్యాను కూడా పెట్టి, ముందు సీట్లోకి వెళ్ళి కూర్చున్నారు.

"పోనివ్వండి."

షాపు ముందు బండి ఆగకముందే వేన్ చూశాడు. అంత ఒరుగు కొలవకుండానే కనిపిస్తుంది. అయినా కొలిచాడు, రెండువైపులా. తర్వాత వెనక్కి వెళ్ళి తలుపు తీశాడు. ముందు ఇంగువ దిగింది, దాని వెనక గోంగూర. వేన్ ముక్కు మూసుకోలేదు. బస్తా మీద అచ్చువేసిన బరువు చదివాడు. గ్రైండరు రాయిని చేత్తో తట్టి చూశాడు.

"మొదటిసారి వచ్చినప్పుడు ఇవన్నీ ఎక్కడున్నాయి?"

"ఇంట్లో."

"రెండోసారి?"

"ఇంట్లోనే."

"ఎందుకు సార్?" అన్నాడు యజమాని.

ఇంగువ డబ్బా మూత గట్టిగా నొక్కి బిగించాను. 

ఈలోగా మామగారు క్యాంపర్‌లోకి ఎక్కారు. ఎడమ అరను చూపించి అరచెయ్యి కిందికి దించారు, కుడివైపు చూపించి పైకెత్తారు. నేల మధ్యలో పాదంతో తట్టారు. వేన్ వెంటనే తలూపి, తనూ పాదంతో అక్కడే తట్టాడు. ఒకరి భాష ఒకరికి రాని ఆ ఇద్దరూ చేతులతో మాట్లాడుకున్నారు. నేను భయపడిందే జరిగింది. నాకు దక్కిన పని మోత. వాళ్ళు చూపించిన చోటికల్లా మోశాను, షాపులో ఉన్న నలుగురు మెకానిక్‌లూ చూస్తుండగా: గ్రైండరు నేల మధ్యకు, బియ్యం కుడివైపు బల్ల కిందికి, నీళ్ళ క్యాన్లు రెండు అటు, రెండు ఇటు. తర్వాత వేన్ సంచుల్లో గాలి సరిచూశాడు. మామగారు తన టేపు తీసి ఒకవైపు కొలిస్తే, వేన్ ఇంకోవైపు కొలిచాడు. రెండూ ఒకటే.

వేన్ పని కాగితం తెచ్చాడు. అందులో మూడు గడులు: ఫిర్యాదు, కారణం, చేసిన పని. మొదటిదీ చివరిదీ నింపి ఉన్నాయి. మధ్యది ఖాళీ. పెన్ను నాకిచ్చాడు.

"ఇది నేను రాయలేను. మీరు రాయండి."

రాశాను. 'కస్టమర్ తన తిండి గురించి సిగ్గుపడి, రెండుసార్లూ సామాను దించేసి ఖాళీ బండి తెచ్చాడు. బరువు ఇంతేనని అబద్ధం చెప్పాడు. మెకానిక్ తప్పు ఏమీ లేదు.' సంతకం పెట్టాను.

యజమాని రెండుసార్లు చదివాడు.  వేన్ వైపు తిరిగి, "సోమవారం ఎనిమిదికి రా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నేను ముందు నిన్ను అడగాల్సింది," అన్నాడు. వేన్ తలూపాడు. నేను చాచిన చేతిని చూడనట్టు గుడ్డతో చేతులు తుడుచుకుని, వెళ్ళి మామగారితో చెయ్యి కలిపాడు.

"ఏం రాశారండీ?" అన్నారు మామగారు.

ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. తిండి, సిగ్గు, సామాను, అన్నీ. ఆయన టేపును నెమ్మదిగా చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"దించింది సామానొక్కటేనాండీ, అల్లుడుగారూ?"

జయంతి తల తిప్పి నన్ను చూసింది. కాగితం అప్పటికే యజమాని బల్ల మీద ఫైల్లోకి వెళ్ళింది. లోపలికి వెళ్ళి, దించినవాటిలో ఒక మనిషిని రాయలేదని చెప్పి, అది ఒక్కసారి మళ్ళీ ఇవ్వమని అడిగాను. పెన్ను కూడా.