మిరపకాయ కట్టిన అర్జీ

కచేరీ కుర్చీల్లో కూర్చున్న దొరలారా, మీరే! ఉంగ అనే పదహారేళ్ల కుర్రాడి కాళ్లను నాలుగు నెలలు బొండకొయ్యలో కుళ్లబెట్టింది మీరే. వాడు చేసిన నేరమేమిటి? వెట్టికి మోయమన్న దొర పెట్టెను వాగొడ్డున దింపి, కాలు బెణికింది, ఇక నావల్ల కాదన్నాడు. అంతే!

ఉంగకు అన్నయ్య అయిన సీతయ్యది గొల్లపల్లి. తమ్ముణ్ణి విడవమని తెలుగులో అర్జీ ఇస్తే గుమస్తా విసిరేశాడు. హిందీలో ఇస్తే దొర ఇంగ్లీషు తప్ప చదవడన్నాడు. ఎవరి కాళ్లో పట్టుకుని ఇంగ్లీషులో రాయించుకొస్తే 'సిక్స్‌టీన్-ఇయర్స్-ఓల్డ్ బాయ్' అన్నచోట ఎస్ మీద ఎర్ర పెన్సిలుతో గీసి, ముఖాన కొట్టాడు.

"తప్పుల అర్జీ దొర ముట్టడు. పో!"

సీతయ్య కోంట ఊళ్లో ఉప్పు దుకాణం నడిపే, ఇంగ్లీషు వచ్చిన సుందరరావు దగ్గరికి పోయాడు. పగలంతా బస్తాలు మోసి, పొద్దు వాలాక బొగ్గుముక్కతో గచ్చు మీద అక్షరాలు దిద్దాడు.

"ఏంది సావుకారి, పదహారేండ్లంటే ఒక్కటేనా? ఎస్ ఎందుకు పెట్టొద్దు?"

"రెండెడ్లను కాడికి కడితే రెండంటవా? ఒక్క జోడంటవు. బాయ్ ముందర కట్టినవా, నడుమ గీతలే కాడి. ఎస్ పీకెయ్. బాయ్ వెనక పెట్టినవా, కాడి విప్పినట్టే. గీతల్లేవు, ఎస్ మళ్లొస్తది. ద బాయ్ ఈజ్ సిక్స్‌టీన్ ఇయర్స్ ఓల్డ్."

"ఆకలికి సగం సచ్చినోణ్ణి ఏమంటరు?"

"హాఫ్-స్టార్వ్‌డ్ మ్యాన్."

"మా ఊరంత గదే సావుకారి!"

"అయితే ఊరి ముందర కట్టు. గీత మర్వకు."

ఇరవై రోజులకు అర్జీ తయారైంది. ఒక్క గీత తప్పలేదు. సీతయ్య దాన్ని ఇంటికి తెచ్చి తల్లి కోసికి చూపించాడు. ఆమె కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, చుట్ట చుట్టి, మామిడి కొమ్మకు కట్టింది. దానికో ఎండు మిరపకాయ గుచ్చింది.

"కాగితం దొర మాట. మన మాటేదిరా? మిరపకాయ లేని కబురు ఊరి కబురు గాదు."

ఊరంతా ఒక్క మాట మీదుందని చెప్పడం అక్కడ అలాగే. పదిహేనేళ్ల కింద తిరుగుబాటప్పుడు ఇవే కొమ్మలు ఊరూరా తిరిగాయి. వాటిని చూస్తే దొరల గుండెలు ఇప్పటికీ దడదడలాడతాయి. సీతయ్యకు అది తట్టనే లేదు. అతని ధ్యాసంతా గీతల మీదే.

మర్నాడు ఠాణా ముందు దొర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తల్లిని వెంటబెట్టుకొచ్చిన సీతయ్య కొమ్మ చాచాడు. ఎర్రటి మిరపకాయ కంటబడగానే దొర ఎగిరి లేచాడు. జమాదారు "బల్వా! తిరుగుబాటు! మారో!" అని అరిచాడు.

మొదటి లాఠీ మణికట్టును విరిచింది. రెండోది పళ్లు రాల్చింది. కొడుకుకు అడ్డంగా మీద పడ్డ తల్లి కోసి నెత్తి పగిలి, నెత్తురు కళ్లలోకి కారింది.

"సదువు దొరా! గీతలన్ని పెట్టిన! సదువు!"

మూడో లాఠీని సీతయ్య ఎడమచేత్తో పట్టి గుంజాడు. జమాదారు బోర్లా పడ్డాడు. వాడి వీపు మీద అదే లాఠీ విరిగేదాకా బాదాడు. జవాను ఒకడు తుపాకీ మడమతో అతని పక్కటెముకలు కుమ్మాడు.

బూట్ల కింద నలిగిన కాగితాన్ని గుమస్తా ఏరి చదివాడు. పెన్సిలు చెవి మీదనే ఉండిపోయింది.

"తప్పుల్లేవు హుజూర్" అని గొణిగాడు.

"మిరపకాయ ఉంది" అన్నాడు దొర.

సీతయ్య పాక్కుంటూ పోయి ఠాణా ఖైదుకొట్టు ఊచలు పట్టుకున్నాడు. లోపల ఉంగ పాదాలు నల్లబడి ఉన్నాయి. ఈగలు ముసిరినా వాడు కాళ్లు కదపలేదు. అన్నను చూసి పెదవులు మాత్రం కదిపాడు. సీతయ్య నోట్లోని నెత్తురు ఊసి, దొరవైపు తిరిగాడు.

"తెలుగుల రాస్తే వద్దన్నరు. ఇంగ్లీషు నేర్సుకొచ్చిన. ఇగ రాసేది లేదు, అడిగేది లేదు. కొయ్య ఇప్పు దొరా. నా తమ్ముని కాళ్లు ఇడువు. రేపు గాదు, ఇప్పుడే ఇప్పు!"