ఆడోళ్లున్నరు కదా

"ఖర్చేముంది, ఆడోళ్లున్నరు కదా" అన్నాడు మా ఆయన, నేను చాయ్ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని గడప దాటుతుండగా.

బోధన్‌లో మా చర్చి రేకులు తుప్పుపట్టి, వానాకాలమంతా వాక్యం వినేవాళ్ల నెత్తిమీదే నీళ్లు కారాయి. కొత్త రేకులకు చందా ఎలా పోగుచేయాలో తేల్చడానికి సంఘం కమిటీ మా ఇంట్లో కూర్చుంది. కమిటీ అంటే పాస్టరయ్యగారు, కార్యదర్శి అయిన మా ఆయన బాలనర్సయ్య, ఇంకో ముగ్గురు మగవాళ్లు. కోతల మీద రెంజల్ దాకా ఊళ్లు తిరిగి, పాటలు పాడి, ధాన్యం అడుగుదామని ఒకాయన అన్నాడు. "గంత దూరం ఎవరు తిరుగుతరన్నా, కాళ్లిరుగుతయ్" అని ఇంకొకాయన కొట్టేశాడు. నాటకం వేద్దామంటే, అది నేర్చుకునే తీరిక ఎవరికుందన్నారు. చివరికి పోయినేడాది చేసిందే ఖాయమైంది. చక్కెర ఫ్యాక్టరీలో పగార్ ఇచ్చేనాడు గేటు ముందర గారెలు, మిర్చీలు అమ్మడం.

"అన్నిట్ల గదే అల్కగ అయితది. లాభం గూడ దాంట్లనే ఎక్కువ" అన్నాడు మా ఆయన. అందరూ తలలూపారు. చాయ్ బాగుందమ్మా అన్నారు అయ్యగారు.

లాభం ఎక్కువే మరి. పోయినేడాది పప్పు ఆడవాళ్లమే ఎవరింట్లోంచి వాళ్లం తెచ్చాం. కట్టెలు మేమే మోశాం. కోడి కూయకముందే రోలు దగ్గర కూర్చుని, పొద్దెక్కేదాకా పొగలో కళ్లు తుడుచుకుంటూ కాల్చాం. గేటు ముందు ఇస్త్రీ చొక్కాలేసుకుని అమ్మింది మాత్రం వాళ్లు. బడికి సెలవు పెట్టినందుకు మా హెడ్మాస్టరు, "పాఠాలకన్న గారెలు ముఖ్యమా టీచరమ్మా" అని నలుగురిలో నవ్వాడు. ఇంటికొస్తే మా అత్తమ్మ, "ఊరందరికి వండినవ్, మాకేం వండుతవ్?" అంది. ఆ ఆదివారం అయ్యగారు కమిటీ సోదరుల ప్రయాసను దేవుడు దీవించాడని చెప్పి, వాళ్ల పేర్లు వరసగా చదివారు. మాలో ఒక్కదాని పేరూ లేదు. పేరు పోతే పోనీ. ఈరవ్వ చెయ్యి పోయిందే!

ఈరవ్వకు మొగుడు లేడు, చెరకు కొట్టే కూలి పని ఆమెది. ఆనాడు పొయ్యి రాయి జారి, మూకుడు ఒరిగి, కాగిన నూనె ఆమె కుడిచేతి మీద పడింది. మోచేతి దాకా తోలు ఊడివచ్చింది. ఆస్పత్రికి నేనే తీసుకుపోయాను. అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. చందాలోంచి ఆమె మందులకు కొంత ఇద్దామని అడిగితే, "గవి దేవుని పైసలు, ముట్టొద్దు" అన్నాడు మా ఆయన. ఆ పైసలతో చర్చికి ప్రహరీ గోడ లేచింది. ఈరవ్వ వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ చెరకు కత్తి పట్టలేదు. ఇప్పుడు ఎడమచేత్తో నాలుగిళ్ల వాకిళ్లు ఊడ్చి బతుకుతోంది.

కమిటీ వాళ్లు వెళ్లాక, "మమ్ములనొక మాట అడగాలె కదా" అన్నాను.

"దేవుని పనికి గూడ అడగాల్నా?"

నాకు ఒళ్లు మండింది. దేవుని పనిలో కుర్చీలన్నీ వీళ్లకు, పొయ్యిలన్నీ మాకు ఎవరు పంచారు? మేం అలసిపోతే అది సేవ, వీళ్లు నాలుగు మాటలు మాట్లాడి లేస్తే అది ప్రయాస. వీళ్లకు అల్కగా ఉండేదంతా మా నడుముల మీది బరువేనని వీళ్లకు తెలియక కాదు. తెలిసే ఎన్నుకున్నారు.

ఆదివారం ప్రసంగం అయ్యాక అయ్యగారు, "మన స్త్రీల సమాజం ఈసారి కూడా సంతోషంతో ముందుకు వచ్చింది" అని ప్రకటించారు. నేను లేచి నిలబడ్డాను.

"అయ్యగారూ, మమ్ములనెవరు అడగలే."

"ఇప్పుడు అడుగుతున్నాను కదమ్మా" అన్నారాయన నవ్వబోతూ.

"అయితే చెప్తున్న. నేను పొయ్యి ముట్టియ్య."

వెనక చాప మీంచి ఈరవ్వ లేచింది. "నా చెయ్యి పెట్టి గోడ కట్టిండ్రు అయ్యగారూ. ఇగ రేకులకు ఎవరి చెయ్యి కావాలె?" అంది. ఒకరి తర్వాత ఒకరు ఆడవాళ్లందరూ లేచారు. "ఊళ్లు తిరుగుడైతే మేము గూడ వస్తం. పాడుతం" అన్నాను. ఆడోళ్లు ఊళ్లు తిరిగితే ఏం బాగుంటదని మగవాళ్లే గొణిగారు.

దారిలో మా ఆయన, "నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు.

"నీ ఇజ్జత్ గారెల్ల ఉన్నదా?"

ఆయన నన్ను దాటుకుని గబగబా ముందుకు నడిచాడు.

గారెలు చేయడం వాళ్లలో ఎవరికీ రాదు. అందుకని కోతలప్పుడు మగవాళ్లే ఊళ్లలో పాడడానికి తాళాలు పట్టుకుని బయలుదేరారు. కొన్నాళ్లకు మా ఆయన చీకటి పడుతుండగా తిరిగొచ్చాడు. గొంతు పోయింది, పాదాలు బొబ్బలెక్కాయి. "నీళ్లు..." అని పిలవబోయి నా ముఖం చూసి ఆగాడు. తానే బావి దగ్గరికి కుంటుకుంటూ పోయి తోడుకున్నాడు. బొబ్బల మీద నీళ్లు పడగానే పళ్లు బిగించాడు. బావి గట్టు మీదే కూర్చున్నాడు.

"ఈరవ్వ చెయ్యి ఇంకా నొస్తదా?" అన్నాడు, తల ఎత్తకుండా.

ఏడాదిలో మొదటిసారి.

"ఆమె ఇల్లు నీకెర్కే" అన్నాను. "పోయి ఆమెనే అడుగు."