మెహిటబెల్ పీజ్ కొట్టు

"కాలరు గట్టిగా నొక్కు. జనం ముందు చూసేది నా మెడనే," అన్నాడు వెండెల్, టోస్టు నములుతూ.

కొరీన్ ఇస్త్రీపెట్టెతో నొక్కింది. రెండొందల ఏళ్ళనాటి తీరులో ఆ చొక్కా కుట్టింది ఆమే. తన గౌను ఇంకా కుర్చీ మీద ముద్దగా పడుంది. రిటైరయ్యాక ఆయన చొక్కాల చాకిరీ తగ్గుతుందనుకుంది. తగ్గకపోగా, ఇప్పుడు కుట్టడం కూడా కలిసింది.

మసాచుసెట్స్‌లోని ఆ చిన్న ఊళ్ళో మేకులూ రంగులూ గొళ్ళేలూ అమ్మే దుకాణం వాళ్ళది. ముప్ఫయ్యెనిమిదేళ్ళు నడిపారు. బోర్డు మీద వెండెల్ పేరుండేది. ఏ మేకు ఏ సొరుగులో ఉందో కొరీన్‌కి తెలిసేది. కొనేవాళ్ళు మాత్రం ఆమె ఎదురుగా నిలబడే "మీ ఆయన లేరా?" అనేవాళ్ళు. ఆమె పిలిచేది. ఆయన వచ్చి "కొరీన్, మూడంగుళాల మరమేకులు ఎక్కడ?" అని ఆమెనే అడిగేవాడు. ఆమె తీసిచ్చేది, ఆయన వాళ్ళ చేతిలో పెట్టేవాడు, వాళ్ళు ఆయనకి థాంక్స్ చెప్పి వెళ్ళేవాళ్ళు.

దుకాణం అమ్మేశాక కొరీన్ ఒక్కతే మ్యూజియంలో చేరింది. పద్దెనిమిది వందల ముప్ఫైల నాటి ఊరిని బడీ చర్చీ కమ్మరి కొలిమీతో సహా నిలబెట్టిన చోటది. రిటైరైనవాళ్ళు జీతం లేకుండా ఆనాటి బట్టలు వేసుకుని, ఆనాటి మనుషుల్లాగే మాట్లాడుతూ పనిచేస్తారు. కొరీన్‌కి ఇచ్చిన వేషం మెహిటబెల్ పీజ్. మొగుడు పోయిన మనిషి, సరుకుల కొట్టు యజమానురాలు. ఆ కాలపు చట్టంలో మొగుడున్న ఆడదానికి సొంత ఆస్తి లేదు. విధవరాలికి ఉంది.

పల్లె ఆడవాళ్ళ వేషాల్లో ఉన్నవాళ్ళు వెన్న తెచ్చి, బదులుగా గుడ్డ అడిగేవాళ్ళు. కొరీన్ వెన్నముద్ద మధ్యలోకి పుల్ల గుచ్చి, బయటికి లాగి, వాసన చూసేది. "పైన కొత్తది పూసి లోపల పాతది పెట్టావు తల్లీ. రెండు గజాలు రావు, ఒకటిన్నర గజమే," అనేది. చూసేవాళ్ళు పకపకా నవ్వేవాళ్ళు. ఒక్కరు కూడా మీ ఆయన లేరా అని అడగలేదు. అలా రెండేళ్ళు గడిచాయి. లెక్క చూసుకుంటే, డెబ్బై ఏళ్ళ బతుకులో ఆమె మాట మీద సరుకు కదిలింది ఆ రెండేళ్ళే.

తర్వాత ఇంట్లో పొద్దుపోక వెండెల్ కూడా వచ్చి చేరాడు. వేషాలు పంచే మేరీబెత్ చప్పట్లు కొట్టేసింది. "నిజం మొగుడూ పెళ్ళాలు! ఇంకేం కావాలి?"

కొట్టు వెండెల్‌ది అయిపోయింది. మెహిటబెల్ పేరు ఉంచి, విధవరాలి నల్ల గౌను తీసుకుని కొరీన్‌కి ఇల్లాలి నీలం గౌను ఇచ్చారు. వెనక వంటగదిలో పొయ్యి మీద చిక్కుడుగింజల కుండ ముందు నిలబెట్టారు.

"నువ్వు కొలిమి దగ్గరికి వెళ్ళకూడదూ?" అని ఇంట్లో ఒకసారి అడిగింది.

"నా నడుముతోనా? అయినా నాతో కలిసి కొట్టు చూడ్డం నీకు అలవాటేగా."

మేరీబెత్‌నీ బతిమాలింది. "కొరీన్ గారూ, మీ జంటంటే జనానికి ఎంత ముచ్చటో తెలుసా! ఈ ఫోటోలు చూడండి," అంది ఆ పిల్ల. ఫోటోల్లో బల్ల వెనక వెండెల్ ఉన్నాడు. చివరన నీలం గౌను చెయ్యి ఒకటి పళ్ళెం పట్టుకుని ఉంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే కారెక్కే ముందు ఏదో మర్చిపోయానని ఆమె మళ్ళీ ఇంట్లోకి వెళ్ళేది. ఒకనాడు ఉల్లిపాయలు తరుగుతూ, వెండెల్ తండ్రి తొంభైమూడేళ్ళు బతికాడని గుర్తొచ్చింది. వెండెల్‌కి ఇప్పుడు డెబ్బై రెండు. తీసివేత దానంతటదే జరిగిపోయింది. ఇంకా ఇరవయ్యొక్కేళ్ళు. తను వేసిన లెక్క ఏమిటో తెలిసొచ్చి, కత్తి కిందపెట్టి గోడకి ఆనుకుంది. సిగ్గేసింది. సిగ్గు పోయాక కూడా ఆ అంకె పోలేదు.

ఈ శనివారం కొట్టు నిండా జనం. పల్లె ఇల్లాలి వేషంలో ఐడా వెన్న తెచ్చింది. వెండెల్ పుల్ల ముట్టుకోనైనా లేదు. "బ్రహ్మాండంగా ఉంది. రెండు గజాలు," అనేసి లోపలికి కేకేశాడు. "మెహిటబెల్! గజం కర్ర ఎక్కడ?"

ఆమె తెచ్చి ఇచ్చింది. కర్ర ఆయన మోచేతి పక్కనే ఉంది.

టోపీ పెట్టుకున్న ఒకావిడ ఆమెని ఆపింది. "ఈ కొట్టు ఎవరిదమ్మా?"

దీనికి చెప్పవలసిన జవాబు ఉంది. నా భర్తదండీ, చట్టం ప్రకారం నా ఒంటి మీది గౌను కూడా ఆయనదే. వేసవంతా రోజుకి పదిసార్లు చెప్పింది. అయ్యో, ఆ రోజులు ఎంత ఘోరం అనుకుంటూ జనం వెళ్ళేవాళ్ళు. ఇవాళ నోరు తెరిస్తే ఆ మాట రాలేదు.

"నాది. మా ఆయన పోయి నాలుగేళ్ళు," అంది.

వెండెల్ చేతిలో గుడ్డ ఆగిపోయింది. తలుపులు తెరిచాక వేషం విడవకూడదు. ఒకరు అన్నదాన్ని ఇంకొకరు కాదనకూడదు. అక్కడ అందరూ ఒట్టేసి పాటించే నియమం అది.

"మరి ఈయనెవరు?"

"పనికి పెట్టుకున్నాను. సరుకెక్కడుంటుందో ఇంకా తెలీదు."

జనం గొల్లుమన్నారు. వెండెల్ కూడా నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. "కొరీన్," అన్నాడు పళ్ళ మధ్య నుంచి, "ఏంటీ వేళాకోళం?"

"మీ ఆయన ఎలా పోయారమ్మా?" అంది టోపీ ఆవిడ, జాలిగా.

"నెమ్మదిగా," అంది కొరీన్. "చివరిదాకా నన్ను పిలుస్తూనే ఉన్నాడు. అది ఎక్కడ, ఇది ఎక్కడ అని."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి మాడు వాసన వచ్చింది. వెండెల్ ముందు వంటగది వైపు చూశాడు, తర్వాత ఆమె వైపు. ఆమె కదల్లేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆయన పక్కనే నిలబడి, ఐడా వెన్నముద్ద తన ముందుకి లాక్కుంది.

"మెహిటబెల్," అన్నాడాయన, గొంతు తగ్గించి, దాదాపు బతిమాలుతూ, "చిక్కుడుగింజలు మాడుతున్నాయి."

"మరి ఇంకా ఇక్కడ నిలబడ్డావేం?"