ఆరువందల పాతిక గళ్ళు

నేను ఒక నోటీసును. చూడటానికి అరచేతి వెడల్పైనా లేని కాగితాన్ని. పైన ప్లాస్టిక్ పొర, మధ్యలో నలుపూ తెలుపూ గళ్ళ క్యూఆర్ కోడ్, కింద ఒకే ఒక్క వాక్యం: ‘మీ హక్కులు తెలుసుకోవడానికి స్కాన్ చేయండి.’ నన్ను తయారుచేసిన ఉద్యోగి రొయ్యల ఫ్యాక్టరీ ముఖం ఎన్నడూ చూడలేదు. పావుగంటలో నన్ను కని, టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

నన్ను కాకినాడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో, రొయ్యలు వలిచే హాల్లో, చేతులు కడుక్కునే తొట్టి పైన అతికించారు. అంతకుముందు అక్కడ నీలం రేకు బోర్డు ఉండేదట. పనిగంటలు, సెలవులు, కాన్పు, గాయాలు అన్నీ తెలుగులో రాసి ఉండేవట. అంత బోర్డునూ నేనొక్కదాన్నే మింగి కూర్చున్నానని తెగ మురిసిపోయాను.

ఆ హాల్లోకి ఫోను తేకూడదు. గాజులు, పూలు, ఉంగరాలతో పాటు ఫోన్లనూ గేటు దగ్గరి పెట్టెల్లో పెట్టి తాళం వేసి రావాలి. నన్ను చదవాలంటే ఫోను ఉండాలి. ఈ రెండు ఏర్పాట్లూ చేసింది ఒకే ఆఫీసు. మనుషుల తెలివికి నేను దండం పెట్టాను.

నూకరత్నం పదకొండేళ్ళుగా అక్కడ రొయ్యలు వలుస్తోంది. ఇప్పుడు ఆరో నెల. ఒకరోజు సూపర్వైజరు అబ్బులు నా ముందే ఆమెను ఆపాడు.

“ఈ నెలాఖరు దాకా చెయ్యమ్మా. తరవాత ఇంటికాడ ఉండు. కాన్పయ్యాక ఖాళీ ఉంటే చూద్దాం.”

“అలా తీసెయ్యకూడదని బోర్డు మీద ఉండేదండి.”

“అదంతా ఇందులోనే ఉంది. స్కాన్ చేసుకో.”

“ఫోను గేటుకాడుందండి.”

“అయితే గేటుకాడే చేసుకో.”

“ఇది గేటుకాడ లేదండి.”

అబ్బులు చెడ్డవాడేం కాదు. నా వంక చూశాడు, ఆమె వంక చూశాడు, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

గంటకోసారి మందునీళ్ళలో చేతులు ముంచాలన్నది అక్కడి నియమం. మర్నాటి నుంచి నూకరత్నం చేతులు ముంచినప్పుడల్లా నన్నే చూసేది. ఎంత పెద్ద చుక్కల ముగ్గునైనా ఒకసారి చూసి వాకిట్లో దించేసే మనిషట. ‘మూడు నలుపు, ఒకటి తెలుపు, రెండు నలుపు’ అని పెదవులు కదిలేవి. పూటకు మూడు వరుసలు మనసులో పెట్టుకుని, అన్నం వేళా, సాయంత్రం ఇంటికెళ్ళేముందూ గేటు దగ్గర లెక్కల పుస్తకం గళ్ళ కాగితం మీద నింపేదట. నన్ను అంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. నాకు సంతోషమూ వేసింది, గుబులూ వేసింది. నిజం చెప్పాలంటే నాలో ఏముందో నాకూ తెలియదు. నేను తలుపును మాత్రమే. ఇల్లు ఇంకెక్కడో ఉంటుంది.

ఆరో రోజు పొద్దున పక్క బల్ల మంగాయమ్మతో తొట్టి దగ్గర చెప్పింది. “నిన్న ఫోను పెడితే తెరుచుకుందత్తా.”

“ఏటుంది?”

“ఏం లేదు. ‘ఈ పేజీ లేదు’ అనొచ్చింది.”

“నువ్వే ఎక్కడో తప్పేసుంటావే.”

నూకరత్నమూ అలాగే అనుకుంది. మళ్ళీ మొదటి వరుస నుంచి సరిచూడటం మొదలుపెట్టింది. ఆమె కళ్ళు చూడలేక నేను గోడలోకి ఇంకిపోవాలనుకున్నాను.

నెలాఖరుకు నాలుగు రోజుల ముందు తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన చేతిలో ఫోను ఉంది. నన్ను చూసి తన ఫారంలో ‘నోటీసు ఉన్నది’ అని టిక్కు పెట్టాడు. నూకరత్నం బల్ల వదిలి ముందుకొచ్చింది.

“అయ్యా, తమరి ఫోనుతో ఒక్కసారి చూడండి.”

ఆయన ఫోను నా మీద పెట్టాడు. తెల్లటి తెర మీద అదే ‘ఈ పేజీ లేదు’. మేనేజరు, “నెట్ సరిగా లేదు సార్,” అన్నాడు.

“నెట్ ఉంది. ఇందులో ఏముండాలి?”

మేనేజరు చేతిలో ఫైలు తిరగేశాడు. చదువు రాని మంగాయమ్మే అందుకుంది. “రోజుకి ఎనిమిది గంటలేనండి.” ఇంకో బల్ల నుంచి, “చెయ్యి తెగితే వైద్యం కంపెనీదేనండి.” ఏళ్ళ తరబడి ఆ నీలం బోర్డు కింద చేతులు కడుక్కుంటూ, చదివినవాళ్ళు చెప్పగా విన్నవాళ్ళు. చివరికి నూకరత్నం అంది. “కాన్పుకెళ్ళేవాళ్ళని తీసెయ్యకూడదండి. నన్ను నెలాఖరుకి మానెయ్యమన్నారండి.”

అధికారి తాను పెట్టిన టిక్కును అడ్డంగా కొట్టేశాడు. నెలలోగా పాత బోర్డు పెట్టాలని రాశాడు. ఆమె సంగతి రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. “దానికి వేరే ఫిర్యాదు ఇవ్వాలమ్మా. ఎలా ఇవ్వాలో నోటీసులోనే...” అంటూ నా వైపు చెయ్యి చూపించి, వెంటనే దించేశాడు.

నెలాఖరున నూకరత్నం చివరిసారి చేతులు కడుక్కుంది. నా వైపు చూడలేదు.

మూడు వారాల తరవాత నీలం బోర్డు వచ్చింది. నన్ను గీకి, ఫ్యాక్టరీ వెనక రొయ్యల పొట్టు కుప్ప మీద పారేశారు. ఆ సాయంత్రమే కొత్తగా చేరిన అమ్మాయి కోసం నూకరత్నం పెట్టె ఖాళీ చేసి, ఆ చెత్తా అక్కడే కుమ్మరించారు. ఒక గళ్ళ కాగితం వచ్చి నా పక్కన పడింది.

వరుసకు పాతిక చొప్పున ఆరువందల పాతిక గళ్ళు. తప్పు తనదేనని ఆమె ఎన్నిసార్లు దిద్దిందో, కాగితం అక్కడక్కడా చెరిపి చెరిపి పలచబడింది. మొదటి నుంచి చివరిదాకా నాతో పోల్చి చూసుకున్నాను.

ఒక్క గడి కూడా తప్పలేదు.