గుడిసె ఎవరి పేరు మీద

గుడిసెల సర్వేకొచ్చిన పిలగాడు "ఇంటిపెద్ద ఎవరమ్మా?" అని అడిగిన దినం నా బుద్ధి గడ్డి తిన్నది. ఆ గుడిసె నాది. అశోక్‌నగర్ నాలా ఒడ్డున, పొద్దుగాల అడ్డ మీద నిలవడి సంపాయించిన కూలి పైసలతోని కట్టె కట్టె కొని నేను నిలబెట్టుకున్నది. మాయన వచ్చి చేరింది దాని తర్వాత రెండేండ్లకు. అయినా నేనేమన్న? పక్క గుడిసెలోళ్ళకు ఇనబడేటట్టు గట్టిగ, "మాయన ఉన్నడు గద, ఆయన పేరే రాసుకో" అన్న. మొగుని పేరు నా నోటితోని చెప్పరాదాయె, పక్కింటి పిల్లతోని చెప్పిచ్చిన. ఎల్లేష్ అని రాసుకొని పోయిండు.

ఎందుకట్లన్ననో గూడ చెప్త. మాయనకు నాకంటె ముందు ఒక పెండ్లయింది. మంగ అని, మా పాలమూరు దిక్కుదే. రాంనగర్ల నాలుగిండ్లల్ల బాసన్లు తోముతది. ఆరేండ్ల బిడ్డ ఉన్నది, అనిత. వాళ్ళనిడిసి నా దగ్గరికొచ్చిండు. గుట్ట మీద దేవుని ముంగట మేం దండలు మార్చుకున్నం, అంతే. నల్లా కాడ ఆడోళ్ళు నన్ను "ఉంచుకున్నది" అని సాటుకు అంటుండిరి. సాటుకెందుకే, నా మొకం మీద అనుండ్రి అని బిందె లేపుకొని మీదికి పోతుంటి. వాళ్ళందరి నోర్లు మూయిస్తనని మాయన పేరు రాయించిన. గదీ సంగతి.

మంగ కోర్టుకు పోయింది. తల్లికి బిడ్డకు కలిపి నెలకు మూడొందలు మనోవర్తి కట్టుమన్నరు. మాయన ఒక్క నెల గూడ కట్టలె. "ఏం చేస్తరే? నా తాన ఏమున్నదని గుంజుకుంటరు?" అనెటోడు. వాని బాకీ వానిది, నా గుడిసె నాది అనుకున్న నేను.

తొంభై ఆరు ఎండకాలంల నాలా వెడల్పు చేస్తమని గుడిసెలన్ని కూలగొట్టిరి. గుడిసెకు నాలుగువేలు సర్కారు సాయం, సర్వేల రాసుకున్న ఇంటిపెద్ద చేతికిస్తమన్నరు. బాగ్‌లింగంపల్లి ఎనక ఒక ముసలామె ఇంత జాగ ఇస్తనన్నది. "సర్కారు పైసలిచ్చె దినం పొద్దుగూకెలోపట తెస్తె నీది, లేకుంటె అడిగెటోళ్ళు శానమంది ఉన్నరు" అన్నది. వానలు మీదికొచ్చినయి. ఆ నాలుగువేలు చేతికొస్తె నెత్తి మీద నీడ, రాకుంటె పుట్‌పాత్. మధ్యల ఇంకోటి లేదు.

పైసలిచ్చె దినం ఒక బడి గ్రౌండ్ల షామియానా ఏసిరు. మా బస్తీ అంత అక్కడనే. గోడపొంటి అందరి మూటలు, మంచాలు, పొయ్యిలు. టేబుల్ ఎనక సూర్యనారాయణమూర్తి సారు, కోస్తాదిక్కాయన, పద్ధతిగ మాట్లాడెటోడు. పక్కన మా బస్తీ పెద్ద పీరయ్య, మనుషుల్ని గుర్తువట్టి చెప్పెటందుకు.

"ఎల్లేష్!" అని పిలిచిరి. మాయన నవ్వుకుంట పోయిండు. ఎంబడి నేను గూడ పోయిన.

సారు నవ్వలె. "నీ పేరు మీద కోర్టు నుంచి ఉత్తర్వు వచ్చిందయ్యా. భార్యకీ పాపకీ మనోవర్తి బాకీ ఉన్నావు. ఈ డబ్బు నీ చేతికి ఇవ్వడానికి లేదు. కోర్టుకి జమ చేస్తాం, అక్కడ ఆవిడ తీసుకుంటుంది."

"కొంచెం కట్ చేసుకొని మిగిలింది ఇయ్యుండ్రి సార్" అన్నడు మాయన.

"మిగిలేదేం లేదు. నీ బాకీ దీనికన్నా ఎక్కువ."

నాకు ఒళ్ళు మండింది. టేబుల్ మీద ఒక్కటిచ్చిన. "ఎవని బాకీకి ఎవరి పైసలు సార్? ఆ గుడిసె నాది! కట్టెలు నేను మోసిన, మన్ను నేను తొక్కిన. వీడు ఒక్క పుల్ల ఇరిసి ఇటు నుంచి అటు పెట్టలె!"

"అరవకండమ్మా. ఇంటిపెద్దగా అతని పేరు రాయించింది మీరే కదా?"

ఎనకకు మర్లి చూస్తె గోడ కాడ మంగ, దాని కొంగు పట్టుకొని పిల్ల. ఆగుతనా? మీదికి పోయిన. "నా కొంప మీద నీ కన్ను వడ్డదా? నా నోట్లె మన్ను గొట్టనీకి ఇంత దూరమొచ్చినవా?"

మంగ ఎనకకు జరగలె. "నీ గుడిసె నేనడగలె అక్కా. నా బిడ్డది నేనడిగిన. లిస్టుల వాని పేరున్నది, అసలు ఎవరిదో నాకేమెరుక?"

ఆ మాట నిజమే గని నా కోపం మాత్రం పోలె.

సారు నన్ను మల్ల పిలిచిండు. కండ్లద్దాలు తీసి మొకం తుడుసుకున్నడు. "చూడండమ్మా, గుడిసె మీదే, అతనికీ మీకూ ఏ సంబంధం లేదు, కేవలం అద్దెకున్నాడు అంటే ఇద్దరూ నా ముందు చెప్పండి. పీరయ్యగారు సాక్షి సంతకం పెడితే మీ పేరుకి మార్చి ఇప్పుడే ఇచ్చేస్తాను. కానీ నిజమే చెప్పాలి. రేపు కోర్టువాళ్ళు నన్నే అడుగుతారు."

నేనింక సోయికి రాకముందే మాయన అందుకున్నడు. "కిరాయికే సార్! నెలకు యాభై ఇస్తుంటి. ఈమె నాకేం గాదు. ఒట్టు!"

అంత జల్ది అన్నడు. జర ఆలోచన గూడ చెయ్యలె. నల్లా కాడి ఆడోళ్ళల్ల ఎవరో కిసుక్కున నవ్విరు. మూడేండ్లు బిందె లేపి నోర్లు మూయిస్తి. వీడు ఒక్క మాటతోని అన్ని నోర్లు తెరిసిండు.

మాయన నా చెవి కాడికొచ్చిండు. "అవ్ అనవే పిచ్చిదాన. ఉత్త మాటనే గద. పైసలు మనకే వస్తయి. పొద్దుగూకినంక మల్ల మనం మనమే."

"ఏమంటవ్ హనుమమ్మ?" అన్నడు పీరయ్య. "నువ్వు అవ్ అంటె నేను సంతకం వెడ్త. బస్తీల ఒక్కడు గూడ కాదనడు. గుడిసె నీదేనని అందరికెరుక."

అవ్ అంటె జాగ వస్తది. కండ్ల ముంగట కనబడుతున్నది గూడ, ముసలామె ఇస్తనన్న మూల, ఇటు పొయ్యి, అటు మంచం. అనాలనే నోరు తెరిసిన. అబద్ధం చెప్తున్న, నాకెరుకనే. వానలల్ల పుట్‌పాత్ మీద పండుకున్నోళ్ళకు అబద్ధమొక లెక్కనా?

అప్పుడు మంగ అన్నది. కోపంతోని గాదు, అలిసిపోయిన గొంతుతోని. "నన్ను గూడ గిట్లనే అన్నడు అక్కా. జడ్జి ముంగట. ఈమె నాకేం గాదు, ఈ పిల్ల నాది గాదు అన్నడు. గింతే జల్ది అన్నడు."

పిల్ల నన్నే చూస్తున్నది. అచ్చం మాయన ముక్కు, మాయన కనుబొమ్మలు. ఈ మొకం చూసుకుంట నాది గాదన్నడా వీడు?

"చెప్పండమ్మా" అన్నడు సారు.

"నా మొగుడే సార్!" అన్న.

మాయన నా జబ్బ పట్టుకున్నడు. ఒక్కటి ఇదిలిచ్చిన. "కిరాయి లేదు, మన్ను లేదు! వీనికి బువ్వ నేనొండిన, వీని అంగీలు నేను పిండిన. జ్వరమొస్తె రాత్రంత తడిగుడ్డ నేనేసిన. గుడిసె కూలిన దినందాక నాతోనే ఉన్నడు. వీడే ఇంటిపెద్ద. రాసింది రాసినట్టే ఉంచుండ్రి!"

మంగ మీద జాలితోని అన్ననా? గాదు. కోపంతోని అన్న. వంద మంది ముంగట నన్ను ఏం గాదన్నోనికి, ఆ మాట మీద నాలుగువేలు ఎందుకు మిగిలియ్యాలె? అనుడైతె అన్న గని, సారు కాయిదం మీద గీస్తుంటె ఆ కలాన్నే చూసిన. జాగ పాయె. వానకాలం పాయె. ఆపుండ్రి సార్ అని అరుద్దామనిపించింది. పండ్లు గట్టిగ గర్సుకొని నిలవడ్డ.

"నీ జిమ్మడ! నాలుగువేలు నీళ్ళల్ల వోసినవ్ గదనే!" మాయన మొకం నల్లగయింది. "ఇగ నీకేం మిగిలింది?"

"నువ్వు మిగిలినవ్" అన్న.

థూ అని ఉమ్మేసి, రుమాలు బుజం మీదేసుకొని గేటు దిక్కు నడిసిండు. మా మూట మీద కూలవడి ఏడ్సిన. సిగ్గు లేకుండ, అందరు చూస్తుండంగ, ఎక్కెక్కి ఏడ్సిన. ఒక్క దినంల కొంప పాయె, మొగుడు పాయె.

మంగ ఉరికొచ్చి నా రెక్క పట్టి గుంజింది. "కూసొని ఏడుస్తవేందక్కా? వాడు పోతున్నడు! నీ మొగుడంటివి గద! వాడు పోతె వచ్చె నెల నా బిడ్డకెవరిస్తరు? నీకు గుడిసె ఎవరు కట్టిస్తరు? లెవ్వు, పట్టు!"

అది అన్న తీరుకు ఏడుస్తున్నదాన్ని నవ్విన. లేసి ఉరికిన. గేటు కాడ ఎనక నుంచి కాలర్ దొరికిచ్చుకున్న. అటు నుంచి మంగ అడ్డమొచ్చింది, చంకల పిల్లతోని. మాయన ఇటు జూసిండు, అటు జూసిండు. నల్లా కాడి ఆడోళ్ళు మల్ల నవ్విరు. ఈసారి నా మీద గాదు.

గుంజుకొచ్చి మూట వాని నెత్తి మీద పెట్టిన. "రేపు పొద్దుగాల నారాయణగూడ అడ్డకు ఇద్దరం పోతం. నువ్వు ఇటుక మోస్తవ్, నేను ఇసుక మోస్త. మొదలు పిల్ల పైసలు, తర్వాత గుడిసె. ఈసారి నా పేరు మీద."

మంగ పిల్లను దింపి, చెయ్యి పట్టుకొని రాంనగర్ దిక్కు పోయింది.

"మరి ఇయ్యాల ఏడ పండుకుంటమే?" అన్నడు మాయన, మూట కింద మెడ వంచుకొని.

నాకు మాత్రం ఏమెరుక?

"నడువ్" అన్న.